ఎండ పక్క చెవి

పెద్ద బంగళా తోటలో తల్లీకూతుళ్ళు పూలపాదుల మధ్య కూర్చుని కలుపు తీస్తున్నారు. కూతురి నెలల పిల్ల, వాళ్ళ వెనక మోటారు గది నీడలో, గుడ్డ ఉయ్యాల్లో నిద్రపోతోంది.

“మళ్ళీ అలాగే కట్టావూ.”

“ఎలాగే?”

“ఆ తలగుడ్డ. కుడి చెవి మూసి, ఎడమ చెవి ఎండకి వదిలి. అంచు వెడల్పుదని వెతికి వెతికి టోపీ తెస్తే, దాన్ని తీసుకెళ్ళి మొక్క మీద బోర్లించావు.”

“లేత నారు, అమ్మడూ. మాడిపోతుంది.”

“నువ్వు మాడిపోతే?”

“నాదేముంది, ముదురు తోలు. ఎండకే విసుగొచ్చి పోతుంది. నువ్వు అటు కూర్చోకు, ఇటు నా కుడి పక్కకి రా. ఈ పక్క నీడుంది.”

“ఎక్కడుంది నీడ? రెండు పక్కలా ఒకటే ఎండ.”

“చెప్తే వినవు కదా. రా ఇటు.”

“వచ్చాను. ఎండకి తెచ్చిన క్రీము రాసుకున్నావా?”

“ఆఁ, రాసుకున్నా.”

“చెవికి?”

“మొహానికి రాసుకున్నా కదా.”

“మూత మీద సీలు కూడా తియ్యలేదు నువ్వు. పొద్దున చూశాను. ఏదీ, చెవి ఇటు తిప్పు.”

“ముట్టుకోకు. చేతులనిండా మట్టి.”

“అమ్మా, గుడ్డకి నెత్తురంటింది.”

“గులాబీ ముల్లు గీరింది.”

“పోయిన చలికాలమూ ముల్లే అన్నావు. అప్పుడు ఆ పుండు కందిగింజంత ఉంది. ఇప్పుడు చెవి లోపలికి పాకింది.”

“మాటల్లో పడి పైపైన తెంపుతున్నావు. వేళ్ళతో సహా పీకు. లేకపోతే రెండు రోజుల్లో మళ్ళీ లేస్తుంది.”

“డాక్టరమ్మ చెప్పిందీ అదేగా. ముక్క తీసి పరీక్ష చేసినప్పుడే అంది, ఇది మామూలు పుండు కాదు, ఏళ్ళ తరబడి ఎండ తగిలి వచ్చింది, వేళ్ళు దిగకముందే కోయించమని.”

“కోస్తే చెవి పోతుందంది. అది చెప్పవేం?”

“చెవి పోతే మనిషి మిగులుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నావు.”

“నేను మంచమెక్కితే పిల్లనెవరు చూస్తారు? దాన్ని చంకనేసుకుని పార పట్టుకుంటావా?”

“ఆ తంటాలేవో నేను పడతాను. అసలు ఆ ఒక్క చెవీ ఎందుకు వదిలేస్తావు? నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్నా. అందరూ రెండూ మూసుకునే కదా కట్టుకుంటారు.”

“అలవాటు.”

“ఏం అలవాటు?”

“నీ అలవాటే.”

“నాదా?”

“నిన్ను గంపలో పడుకోబెట్టి పనికి తెచ్చేదాన్ని. ఎక్కడ పాదు తవ్వినా గంప నా ఎడమ పక్కనే. గుడ్డ అడ్డముంటే నీ ఏడుపు వినపడదేమోనని ఆ చెవి వదిలేదాన్ని. నువ్వు గంప దిగావు, బడికెళ్ళావు, బడి మానేసి నాతోనే తోటకొచ్చావు, ఒకరి ఇల్లాలివయ్యావు. చేతులు మాత్రం అలాగే కడుతున్నాయి. సరేలే, ఇప్పుడు నీ పిల్లకీ పనికొస్తోంది... ఏంటి, మాట్లాడవేం?”

“వింటున్నా.”

“మొహం అలా పెట్టకు. ఇవాళే ఏమీ చచ్చిపోను.”

“అమ్మా, నేను అటు తిరిగి పని చేసుకుంటున్నప్పుడు పిల్లని నువ్వే కదా చూసేది.”

“నేను కాకపోతే దేవుడొచ్చి చూస్తాడా? ఒక చెవి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. చీమ చిటుక్కుమన్నా లేస్తాను.”

“ఇప్పుడూ ఉందా?”

“లేకేం.”

“ఏం చేస్తోంది?”

“హాయిగా పడుకుంది. చడీచప్పుడూ లేదు. నువ్వెక్కడికి లేస్తున్నావు? కూర్చో, దాని నిద్ర చెడగొట్టకు.”

“నువ్వు లేస్తావేమో, ఇప్పుడైనా లేస్తావేమో అని చూస్తున్నానమ్మా. నా గంప సంగతి నువ్వు మొదలెట్టినప్పటి నుంచీ అది గుక్కపట్టి ఏడుస్తోంది.”