పార్వతమ్మ ఫటఫటీ సీటు

"జేజీ, కొత్త బండి ఎక్కమంటే ఎక్కకుండా సీటు నొక్కి నొక్కి సూస్తాండావేమి?"

నొక్కితే అరిగిపోతాదా ఏమి నీ సీటు? ఉండప్పా, ఎక్కుతా. ముందరికి వాలి ఉండాది సూడు, ఎనక కూచున్నోళ్ళు జారొచ్చి నీ ఈపు మీద పడల్ల. దీన్ని కుట్టినోడు ఎనక కూచునే మనిషిని తలుచుకోనే లేదు. మీ జేజినాయన ఉండింటే ఉమ్మేసింటాడు. కూచో ఈడ. ఆస్పత్రి యాడికీ పోదులే.

మాది తోలుపని ఇల్లని నీకు తెలుసు గదా. మీ జేజినాయన అప్పుడు కంబదూరు కాడ పల్లెలో సెప్పులు కుడతాండె, జట్కాగుర్రాలకు జీన్లు కుడతాండె. దుడ్లు యాడివి? జోడు కుట్టిస్తే ఒక పడి జొన్నలు కొలిసి పోస్తాండ్రి, అవీ పుచ్చుజొన్నలు. మా అన్నకు పెండ్లి సేసిన ఏడు... కాదు కాదు, దాని ముందేడు అనుకుంటా, బస్సులొచ్చి జట్కాలు తగ్గిపాయె. అప్పుడే పెద్దింటోళ్ళ కొడుకు సోమన్న ఫటఫటీ బండి తెచ్చినాడు. మా దిక్కు అదే మొదటిది. నడిపేటోనికి స్ప్రింగుల మీద తోలు సీటు. ఎనక మటుకు వట్టి ఇనుప క్యారియరు. కావాలంటే దాని మీద మెత్త కుట్టిచ్చుకోవల్ల.

సోమన్న పెండ్లాము పార్వతమ్మ. నా ఈడుదే. రెండు తూర్లు కడుపుతో ఉండి, ఎద్దులబండిలో కళ్యాణదుర్గం ఆస్పత్రికి పోయి వచ్చేదాంట్లో, ఆ రాళ్ళదోవ కుదుపులకు, రెండు తూర్లూ పోగొట్టుకొనె. ఇంగ బండెక్కను అని ఏడ్చింది. మూడోది నిలిసినప్పుడు డాక్టరమ్మ ఏమో, నెలనెలా సూపిచ్చుకోవల్ల అనె. బస్సు పల్లెలోకి రాదాయె, అందుకే సోమన్న ఫటఫటీ తెచ్చింది. షోకుకు కాదప్పా. మెత్తని సీటు కుట్టియ్యి, నా బిడ్డను నిలబెట్టు అని మీ జేజినాయనకు సెప్పినాడు. దూరంగా నిలబడే సెప్పినాడు, అది వేరే మాట.

మెత్తగుంటే సుకం అనుకుంటారు అందరూ. కాదు. మరీ మెత్తంది అణిగిపోతాది, అణిగితే కింద ఇనుము తగుల్తాది. మనిషి బరువు యాడ దిగుతాదో ఆడ గట్టిగా పట్టల్ల. అది తెలియల్లంటే మనిషిని కొలవల్ల. మన సెయ్యి వాళ్ళ మీద పడకూడదాయె! దానికి మనోళ్ళకు ఒక పద్దతి ఉండె. వంకలో ఇసుక తెచ్చి, తడిపి, దిబ్బ పోసి, దాని మీద కూచోమంటాండ్రి. లేసినంక ఆ గుంత సూసి, పుల్లతో లోతు కొలుసుకుంటాండ్రి. లోతున్న తావు గుర్రం తోక ఎంటికలు దట్టిచ్చి, సుట్టూ గొర్రె ఉన్ని, అడుగున కొబ్బరి పీచు. అట్ల.

ఆడమనిషి మొగోళ్ళ ముందర ఇసుకలో కూచుంటాదా? అందుకని నన్ను పంపిచ్చె మీ జేజినాయన. వాళ్ళ కళ్ళంలోకే పోతి, ఇండ్లలోకి రానీరు గదా. పార్వతమ్మ వచ్చి, బండి మీద కూచునేటట్లు ఒకపక్కకి కాళ్ళేసి కూచునె. లేసినంక సూస్తే ఎడమపక్కే లోతు దిగుండాది. నేను పుల్ల పెట్టి కొలుస్తాంటే ఆమె, "నొప్పి ఈడ వస్తాది, ఇసుకకేం తెలుస్తాది" అని నా సెయ్యి పట్టుకొని ఆమె నడుము మీద పెట్టుకొనె.

నాకు పానం పోయినంత పనాయె. ఎవురన్నా సూస్తాండారేమో అని అటిటు సూసినా. సెయ్యి లాక్కోబోతే ఇడ్సలేదు. "ఈ బిడ్డ నాకు దక్కల్లక్కా" అనింది. అక్కా అనింది నన్ను. పెద్దింటి ఆడమనిషి.

మీ జేజినాయన కూడు నీళ్ళు మర్సిపోయి కుట్టినాడప్పా ఆ సీటు. ఎడమపక్క ఒక పొర ఎక్కువ పెట్టినాడు. పైన గొర్రెతోలు. నేను కూచుంటే లేసేదానికి మనసు రాలే. తీసకపోయి కళ్ళంలో పెట్టి వచ్చినాడు.

మన ఇండ్లనుంచి ఏ వస్తువు పోయినా పసుపునీళ్ళు సల్లి లోపలికి తీసుకునేది వాళ్ళ ఆచారం. సెప్పులకూ అంతే, చేటలకూ అంతే. నాలుగు సుక్కలు సల్లితే ఏమవుతాది? ఆమె అత్త సల్లలేదు, బిందెడు కుమ్మరిచ్చింది. గర్బంతో ఉన్న కోడలు కూచునేది గదా, ఎక్కువ నీళ్ళు పోస్తే ఎక్కువ మైల పోతాదని. కుట్టుబొక్కల్లోంచి నీళ్ళన్నీ లోపలికి తాగింది అది. ఉన్ని నాని, పైన మనిషి కూచునేకొద్దీ అణిగి, గడ్డ కట్టె. పైన తోలు మటుకు నున్నగా ఉండాది. ఎవురికి తెలుస్తాది లోపల రాయుందని? కుదుపులు తగుల్తాండాయని పార్వతమ్మ అంటే, ఓర్సుకో అన్న్యారంట ఇంట్లో.

ఐదో నెలలో, దోవలోనే పాయె బిడ్డ.

మా ఇండ్లుండే గేరి మొగదల ఆ సీటు తెచ్చి ఇసిరేసి పాయె వాళ్ళ జీతగాడు. "సెప్పులు కుట్టే సేతికి సీటప్పగిస్తే ఇంతే" అన్న్యారంట. మీ జేజినాయన దాన్ని ఎత్తుకొచ్చి ముందర పెట్టుకొనె. గూటంతో కుట్లు ఇప్పినాడు... గూటం కాదు, దాన్ని ఏమంటారు, ఉలి. ఇప్పితే లోపల పచ్చగా, పసుపువాసన, బిరుసుగా గడ్డ. దాన్ని సేతిలో పెట్టుకొని సూస్తా కూచున్న్యాడు. ఆయప్ప ఏడ్సంగా నేను సూసింది ఆ పొద్దే.

ఆ సీటు వల్లనే పోయెనో, పోయేదే పోయెనో, దేవునికెరుక. నేను సీటు వల్లనే అని సెప్పను. కానీ సెయ్యని తప్పు మా నెత్తిన పడె గదా. "పోయి వాళ్ళకు సెప్పు" అని నేనంటే, "మన మాట ఎవురింటారే" అనె మీ జేజినాయన. నేను ఊరుకోలే. వంకకు పార్వతమ్మ పైతట్టు నీళ్ళకొస్తాది, మేము దిగువ. దిగువనుంచే సెప్పినా, పసుపు పట్టిన ఉన్ని సూపిచ్చినా. ఆమె ఇన్న్యది. బిందె నింపుకొని పాయె. నాకు శానా కోపమొచ్చె అప్పుడు.

మరుసటేడు సోమన్న ఫటఫటీ వచ్చి మా గేరిలోనే నిలిసె. అట్లాటోళ్ళ బండి మా గేరిలోకి వచ్చేది మా మామ కాలంలోనూ ఎరగం. "పార్వతి సెప్పమనింది. మళ్ళా నిలిసింది. సీటు కుట్టి ఈడనే బిగిచ్చు, ఇంటికి తేవద్దు" అనె. మీ జేజినాయన నా దిక్కు సూసె. కుట్టు అన్న్యా. కుట్టి, క్యారియరుకు బోల్టులేసి బిగిచ్చినాడు. "మీ అమ్మ అడిగితే ఏమంటావు సామీ" అని మీ జేజినాయన అడిగితే, "బళ్ళారిలో కొన్న్యానంటా" అనె సోమన్న. సూసినావా? బళ్ళారిలో కుట్టినోడు మాత్రం ఎవురు, మాలాంటోడే గదా! అంగట్లో కొన్నదానికి మైల లేదు.

ఆ సీటు మీదనే నెలనెలా పోయొచ్చింది. మేము ఇంట్లో దీపం పెట్టుకొని దండాలు పెడతాంటిమి, ఎవురి బిడ్డకో.

ఆడబిడ్డ పుట్టె. కళ్యాణదుర్గం నుంచి తిరిగొచ్చేటప్పుడు బండి మా గేరి కాడ ఆపిచ్చి, దిగొచ్చి, నా సేతుల్లో పెట్టింది పార్వతమ్మ. గేరంతా సూస్తాండాది. ఎత్తుకున్న్యా. ఎచ్చగా ఉండె.

ఇంటికి పోయినంక ఆ బిడ్డకు పసుపునీళ్ళు పోసే లోపలికి తీసుకొనింటారు. నాకు తెలుసు. పోసుకోనీ. బిడ్డ కెవ్వుమనింటాది... అననీ నాయనా. ఏడ్సేదానికి బిడ్డ ఉండాది గదా.

పద పోదాం. నిన్ను నమ్మి నీ ఎనక కూచున్నోళ్ళంతా సల్లగ ఇల్లు సేరల్ల, నువ్వు నూరేండ్లుండల్ల. మెల్లగ తోలు.