పెద్దక్షరాల పాటల లిస్టు

చిన్న ముక్క చెప్పి వెళ్ళిపోతాను. మా టీ కొట్టు బల్ల మీద ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడి గురించి మాట్లాడుకుంటారు. ఆ నాలుగోవాడు ఎప్పుడూ ఆ పూట రానివాడే. టీ కొట్టాయన పాలల్లో నీళ్ళు కలుపుతాడని నేనననుగానీ, నీళ్ళల్లో పాలు కలపడం మాత్రం చూశాను. సరే, ఆ సంగతి కాదు. లిస్టు మావయ్య సంగతి.

మావయ్య నలభై ఏళ్ళు ఒక రాక్ బ్యాండు వెంట తిరిగాడు. ఏ పాట తర్వాత ఏ పాటో కాగితం మీద రాసి, స్టేజీ మీద గాయకుడి కాళ్ళ దగ్గర టేపుతో అంటించడం ఆయన పని. పోయినేడు మాన్పించారు. ఆ బ్యాండు ఇవాళ సాయంత్రం మా ఊరి హాల్లో పాడుతోంది. బల్ల దగ్గరికొచ్చిన టైలరక్క చేతిలో టికెట్టుంది. ఆవిడ కుట్టు కొట్లో రేపటికివ్వాల్సిన స్కూలు యూనిఫాంలు ముప్ఫై ఉన్నాయి.

“మావయ్యా, ‘వాన రాకముందే వెళ్ళిపోయిన ఆఖరి బస్సు’ పాడతారా? పదిహేనేళ్ళయింది అది విని. పాడతారంటే కొట్టు కట్టేస్తాను. లేదంటే కుట్టుకుంటాను,” అంది.

“అదా? దాన్ని లిస్టులోంచి తీసింది నేనే. ఎందుకో తెలుసా? మొదట్లో సిగరెట్ పెట్టె అట్ట మీద ముప్ఫై పాటలు రాసేవాణ్ణి. పదేళ్ళకి గాయకుడికి చూపు మందగించింది, నేను అక్షరాల సైజు పెంచాను, పెంచేసరికి కాగితంలో ఇరవై పాటలే పట్టాయి, పొడుగు పేర్ల పాటలు ముందు పోయాయి. బ్యాండులో లోతు పెరిగిందని పేపర్లవాళ్ళు రాశారు. లోతూ లేదు గీతూ లేదు, చోటు లేదంతే.”

“పెద్ద కాగితం తీసుకోవచ్చుగా,” అన్నాడు టీ కొట్టాయన.

“తీసుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇరవయ్యో ఏటికి దుప్పటంత అయింది, ముప్ఫయ్యో ఏటికి గోడలకి సున్నం కొట్టే బ్రష్షుతో రాస్తున్నా. ఓసారి మైదానంలో ఆరబెడితే, పైన పోతున్న విమానం పైలట్ చదివి, మూడో పాట బాగాలేదని అక్కడే చక్కర్లు కొట్టాడు. మేం మార్చాకే కదిలాడు.”

“పైలట్‌కి పాటలు తెలుసా?”

“ఆయనకేం తెలుసు? లోపల ప్రయాణికులు చేతులెత్తి ఓటేశారు.”

“ఇవాళ్టి సంగతి చెప్పు మావయ్యా,” అంది టైలరక్క.

“పాడతారు. పొద్దున హాలుకెళ్ళి చెప్పొచ్చాను. పాడకపోతే సగం మీసం గీయించుకుంటా.”

బల్ల చివర కూర్చున్న కళ్ళజోళ్ళ కొట్టాయన గ్లాసు కింద పెట్టాడు. ఆయన మాట్లాడితే కంటి నంబరు చెప్పినట్టే ఉంటుంది.

“మావయ్యా, ఆ గాయకుడు ఇందాక నల్లద్దాలకని నా కొట్టుకొచ్చాడు. అక్షరాల బోర్డు ఆఖరి వరస దాకా చదివి, కింద అచ్చేసినవాడి పేరు కూడా చదివాడు. చూపు పోయింది ఆయనకి కాదు. పోయిన నెల నువ్వు మొదటి అక్షరం దగ్గరే ఇదేం భాష అని అడిగావు.”

మావయ్య గ్లాసెత్తి టీ తాగాడు. గ్లాసులో టీ లేదు.

“అయితే పొద్దున హాలుకెళ్ళాననడమూ ఇలాంటి కోతే,” అని టైలరక్క టికెట్టు కళ్ళజోళ్ళాయన చేతిలో పెట్టి కొట్టుకి వెళ్ళిపోయింది.

సాయంత్రం బ్యాండు మొదట పాడింది ఆ పాటే. పాత లిస్టాయన పొద్దున వచ్చి అడిగాడని గాయకుడు మైకులో చెప్పి మరీ, చివరిదాకా పాడాడు. కళ్ళజోళ్ళాయన మూడో వరసలో కూర్చుని విన్నాడు. టైలరక్క అప్పటికి ఇరవై రెండో యూనిఫాంకి గుండీలు కుడుతోంది.