పాత యంత్రాలను ఆపేశాం

సభకు అధ్యక్షత వహిస్తున్న మాష్టారికి, ఆయన పక్కన కూర్చుని ఇప్పటికే గడియారం చూసుకుంటున్న మన విడుదలల బాధ్యురాలికి, ఈ గ్రంథాలయం మేడ మీది గదిని అడిగినప్పుడల్లా ఇచ్చి, వెళ్లేటప్పుడు ఫ్యాన్లు ఆపమని అడగకుండానే గుర్తుచేసే లైబ్రేరియన్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో ఒళ్లో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని నేను మాట్లాడుతుండగానే కొత్త వెర్షన్ దించుకుంటున్న మిత్రులకు, తెర మీద దూరాల నుంచి చూస్తున్నవాళ్లకు, తలుపు పక్క కుర్చీలో కూర్చున్న నా భార్యకు నమస్కారం. ఆవిడ అక్కడే ఎందుకు కూర్చుందని అనుమానం రావచ్చు. నా మాటలు సాగితే లేచి ఇంటికి పోతానని ముందే చెప్పింది. (నవ్వులు)

ఇక్కడ నన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు. డబ్బాల బాబాయి అంటారు. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది. జనం పారేసిన పాత కంప్యూటర్లన్నీ నా కొట్టు వెనక గదిలో గోడకానించి పేర్చి ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇవాళ పూలగుచ్ఛం మీద కూడా అదే రాయించారు. పూలు అమ్మే ఆయన మొహమాటపడి, ఇది అచ్చుతప్పేమోనని ఫోన్ చేసి అడిగాడట. (నవ్వులు)

మాతో పాటు వచ్చిన కుటుంబాలవాళ్లకు, ఇక్కడేం జరుగుతోందో అర్థం కాక కిటికీలోంచి బయటికి చూస్తున్నవాళ్లకు ఒక్క మాట. కంప్యూటర్ మీట నొక్కగానే దాన్ని లేపి, తెర వెలిగించి, మీరు కొట్టిన అక్షరాన్ని అక్షరంలా చూపించేది ఒక ప్రోగ్రాము. దాన్నే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అలాంటిదొకటి కంపెనీ ఏదీ లేకుండా, జీతం తీసుకోకుండా, ఎవరింట్లో వాళ్లు కూర్చుని తలా ఒక ముక్క రాసి, ఒకరి తప్పులు ఒకరు దిద్ది, లోపలి రాత మొత్తం ఎవరైనా చూసుకునేలా, మార్చుకునేలా ఊరందరికీ పంచిపెడుతున్నవాళ్లే ఈ గదిలో ఉన్నవాళ్లు. ఏడాదికోసారి కొత్త వెర్షన్ విడుదలవుతుంది. ఇవాళ ఆ పండగ. ఈ విడుదలతో నా పని అయిపోయింది కాబట్టి, పనిలో పనిగా నాకు సన్మానం.

నా పని చెప్పుకోవాలంటే ముందు ల్యాబు అక్క గురించి చెప్పాలి.

ఆవిడ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసేది. తనకంటే పెద్దవాళ్లు కూడా ల్యాబు అక్క అనే పిలిచేవాళ్లు, అందులో మాష్టారొకరు. (మాష్టారు నవ్వుతూ చెయ్యి ఊపారు) మొదటిసారి నా కొట్టుకు ఒక ముసలి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. చూసి, "దీని పనైపోయిందమ్మా, కొత్తది కొనుక్కో" అన్నాను. ఆవిడ కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "అన్నయ్యా, నాడి చూడకుండానే పోయాడంటే ఎలా?" అంది. అప్పుడే మన సిస్టమ్ పేరు నేను మొదటిసారి విన్నాను. అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని ఎక్కించింది. యంత్రం మూలుగుతూ లేచింది. అంతే, ఆ రోజు నుంచి నేను దొరికిపోయాను.

పాత రకం ప్రాసెసర్లున్న కంప్యూటర్లకు సరిపోయేలా మన సిస్టమ్‌ను తయారుచేసే విభాగం ఆవిడది. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక కొట్టు వెనక గదికి వచ్చేది. నేను డబ్బాలు ఒక్కొక్కటే తీసి దుమ్ము దులిపి తీగలు తగిలించేవాణ్ణి, ఆవిడ కొత్త వెర్షన్ ఎక్కించి చూసేది. ఏదైనా యంత్రం సగంలో కుప్పకూలితే, తెర మీద వచ్చే రిపోర్టు మీద వేలు పెట్టుకుని చదివి, "దీనికి రక్తం తక్కువ, ఇంకో మెమరీ ముక్క పెట్టు అన్నయ్యా" అనేది. నాకు కోడు రాయడం రాదు. నాకు వచ్చింది స్క్రూడ్రైవరు, ఓపిక. కూలినచోట మళ్లీ కూలేదాకా నేను మొదలుపెడుతూనే ఉండేవాణ్ణి, ఎందుకు కూలిందో ఆవిడ కనిపెట్టేది. మా ఆవిడ పంపిన టీ చల్లారిపోయేది. అలా మేమిద్దరం బతికించిన యంత్రాలు ఎక్కడెక్కడికో వెళ్లాయి. ట్యూషన్ చెప్పుకునే ఇళ్లకు, చిన్న చిన్న ఆఫీసులకు, మంచం పట్టిన మనుషుల పక్క బల్లల మీదకు.

పని ఏడాదికేడాది కష్టమవుతూ వచ్చింది. మనం వాడుకునే పెద్ద పెద్ద ప్రోగ్రాములు రాసేవాళ్లు పాత ప్రాసెసర్లను ఒక్కొక్కరే వదిలేశారు. వాళ్లు వదిలేసినచోటల్లా ల్యాబు అక్క అతుకు వేసేది. అతుకు మీద అతుకు. ఓసారి నేను ఉండబట్టలేక, "ఎందుకమ్మా ఇంత అవస్థ?" అన్నాను. ఆవిడ కళ్లు తెర మీంచి తీయకుండా, "వాడేవాళ్లున్నారు కదా" అంది.

(ఒక గుక్క నీళ్లు తాగి)

కిందటి విడుదల ముందు ఒక ఆదివారం ఆవిడ వచ్చి, యంత్రం ఏదీ తెరవకుండా ఊరికే కూర్చుంది. "అన్నయ్యా, ఈ విడుదల అయ్యాక నేనుండను. ఈ పని ఎవరికైనా నేర్పుదాం" అంది.

"ఏం, బదిలీ చేశారా?" అన్నాను.

"అలాంటిదే" అంది.

నేను ఏ ఊరికి అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఇక దాచలేక చెప్పేసింది. ఎన్నో ఏళ్లుగా అందరి రక్తమూ చూసిన మనిషి, ఈసారి తన రక్తం తానే సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని చూసుకుంది. డాక్టరు చెప్పకముందే తెలిసిపోయింది. నేను చేతిలో ఉన్న కీబోర్డును తుడుస్తూ కూర్చున్నాను, అది అప్పటికే తుడిచినదే.

అప్పటినుంచి మనిషి కోసం వెతుకులాట. అడగని చోటు లేదు, పెట్టని ప్రకటన లేదు. ఒకబ్బాయి వచ్చాడు, చురుకైనవాడు, నాలుగు ఆదివారాలు రాగానే మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. నేను తప్పుపట్టను. ఇంకొకాయన అన్నీ శ్రద్ధగా విని, "ఇంత తెలివి ఈ పాత డబ్బాల మీద పెట్టడం వృథా కదండీ" అని ఆవిడ ఎదుటే అన్నాడు. ఆవిడ నవ్వి, టీ తాగి వెళ్లమంది. చివరికి నాకే నేర్పడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. ఎంత కూర్చున్నా అది నా బుర్రకెక్కలేదు. ఆవిడ ఓపికగా మళ్లీ మొదటినుంచి చెప్పేది, చెబుతూ చెబుతూ అలిసిపోయి కుర్చీలోనే కళ్లు మూసుకునేది. అప్పుడు నేను తెర వెలుగు తగ్గించి, చప్పుడు కాకుండా గదిలోంచి బయటికి వచ్చేసేవాణ్ణి.

కిందటి విడుదల బయటికి వచ్చింది. అందులో ఆవిడ పని మొత్తం ఉంది. ఆ సభకు ఆవిడ రాలేకపోయింది. ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు.

ఈ విడుదల గురించిన సమావేశం మీలో చాలామందికి గుర్తే. అందరం ఎవరి తెరల ముందు వాళ్లం. మన బాధ్యురాలు ఒక్కటే అడిగింది, "పాత యంత్రాల విభాగం ఎవరైనా తీసుకుంటారా?" అని. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. ఎవరో మైకు ఆపేసుకున్నారు. మళ్లీ అడిగింది. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్కళ్ల మొహం చూస్తూ కూర్చున్నాను. అందరూ మంచివాళ్లే, అందరికీ ఉద్యోగాలున్నాయి, పిల్లలున్నారు, ఇప్పటికే నెత్తిన మోయలేనంత పని ఉంది. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి నాకు సందు దొరకలేదు. దొరికితే బాగుండేది. కాస్త తేలికయ్యేవాణ్ణి.

చివరికి ఆ అమ్మాయి, "బాబాయ్, మీరేమంటారు?" అంది.

"ఆపేయండమ్మా" అన్నాను.

నేనే అన్నాను. చూసే మనిషి లేకుండా ఆ విభాగాన్ని పేరుకు నడిపితే, లోపల కన్నాలు పడతాయి, దొంగలు దూరతారు, వాడుకునేవాళ్లు మాత్రం భద్రంగా ఉన్నామనుకుంటారు. అది ల్యాబు అక్క ఒప్పుకునే పని కాదు. అందరూ సరేనన్నారు. ఆ అమ్మాయి ఏడ్చింది. ఇప్పుడు తల దించుకుంటావేమమ్మా, అందరూ చూశారులే. (చిన్నగా నవ్వులు)

తర్వాత విడుదల ప్రకటనను తెలుగులోకి తేవడం నా వంతుకు వచ్చింది. ఏటా అది నా పనే. కొత్త సొగసులు, కొత్త సదుపాయాలు అన్నీ రాసుకుంటూ పోయి అడుగున ఆ వాక్యం దగ్గరకు వచ్చాను. "పాత యంత్రాలకు మద్దతు నిలిపివేయబడింది" అని రాశాను. బాగానే ఉందనిపించింది.

ఆ వారంలోనే మన సిస్టమ్ వాడే ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతారు. చూపు మందగించింది, అక్షరాలు అరచెయ్యంత చేసుకుని చదువుతారు. ఆ యంత్రం ల్యాబు అక్క, నేను కలిసి సిద్ధం చేసిచ్చినదే. సంగతి ఫోన్‌లో చెప్పబుద్ధి కాక ఎదురుగా కూర్చుని చెప్పాను. "రేపటినుంచి ఆగిపోదండీ, నడుస్తూనే ఉంటుంది. కానీ ఏదైనా అయితే బాగుచేసేవాళ్లుండరు" అన్నాను.

"అంటే రోగి ఉంటాడు, డాక్టరు రాడు" అన్నారాయన.

ఔనన్నాను. ఇంకో యంత్రం చూసిపెడతానన్నాను. ఆయన ప్రకటన ఏదీ చూపించమన్నారు. తెర మీద పెద్దక్షరాల్లో పెట్టాను. అడుగుదాకా చదివి అక్కడ ఆగిపోయారు. "నిలిపివేయబడింది. ఎవరిచేత?" అన్నారు.

"అందరం కలిసి అనుకున్నదేనండీ" అన్నాను.

"మరి ఆ మాటే రాయచ్చుగా. ఇలా రాస్తే వానపడిందన్నట్టు ఉంది."

ఇంటికొచ్చి చాలాసేపు ఆ వాక్యం ముందు కూర్చున్నాను. "నిలిపివేశారు" అని రాస్తే నేను తప్పుకుని మీ మీదికి తోసినట్టు అవుతుంది. అలా రాయాలని ఒక్క క్షణం అనిపించిందని కూడా చెప్పేస్తున్నాను, ఎలాగూ వెళ్లిపోయేవాణ్ణి. (నవ్వులు) చివరికి "పాత యంత్రాలను ఆపేశాం, చూసుకునే మనిషి దొరకలేదు, క్షమించండి" అని రాశాను. ప్రకటనల్లో ఇలాంటి భాష ఉండదని కమిటీలో ఎవరో అన్నారట. ఉండనీయండని ఈ అమ్మాయే పట్టుబట్టిందట. అందుకు నీకు థాంక్స్ అమ్మా. ఇవాళ మీరు దించుకుంటున్న వెర్షన్‌తో పాటు ఆ వాక్యం కూడా వస్తుంది.

కొత్త వెర్షన్ బాగుంది. మనసులో మాటే అంటున్నాను, ఒక కొత్త యంత్రం మీద వేసి చూశాను. చటుక్కున లేస్తోంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంత తేలికగా ఎలా వచ్చిందని మాష్టారిని అడిగితే, పాత బరువు దిగిపోయింది కదా అన్నారు. అని, నా మొహం చూసి నాలుక కరుచుకున్నారు. ఏం పర్వాలేదు మాష్టారూ, అన్నది నిజమే. ఆ బరువు మోయడంలోనే నాకు ఇన్నేళ్లు గడిచాయి, దించాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

అనువాదాలైనా చూస్తూ ఉండమని కమిటీ అడిగింది. వద్దన్నాను. అలక కాదు. ఆదివారం మధ్యాహ్నం ఇంకో పని మొదలుపెడితే, ఆ గదిలో ఆవిడ లేదని మళ్లీ మొదటినుంచి అలవాటు పడాలి. అంత ఓపిక ఇక లేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ల్యాబు అక్క భర్త ఈ సభలో ఉన్నారు. ఆవిడ నన్ను అన్నయ్యా అనేది కాబట్టి నాకు బావగారు. బావగారూ, పొద్దున్న సంగతి చెప్పనా? (స్తంభం పక్కన కూర్చున్న ఆయన తల ఊపారు)

పొద్దున్న కొట్టు తీస్తుండగా, గుడ్డసంచీలో ఆవిడ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. "ఇవాళ కొత్తది వస్తోందట కదా బావా, ఇందులో వేసిపెట్టు" అన్నారు. ఈ యంత్రానికి ఇక కొత్తది రాదని చెప్పాను. ఆయన రోజూ పొద్దున్నే దాన్ని తెరిచి, అప్‌డేట్లు వచ్చాయేమో చూస్తారట. ఆవిడ ఉన్నన్నాళ్లూ అలా చూడటం ఆవిడ అలవాటు. అక్కడ, ఈ భాగాన్ని సిద్ధం చేసినవారు అని ఉన్నచోట, ఆవిడ పేరు కనిపిస్తుంది. అది చూసి మూసేస్తారు.

"వేరే కంప్యూటర్‌లో కొత్తది వేసుకుంటే ఆవిడ పేరుంటుందా?" అన్నారు.

"ఆ విభాగమే లేదు బావగారూ" అన్నాను.

"మరి దీన్ని ఇలాగే ఉంచుకోవచ్చా?"

"నెట్ తగిలించకపోతే ఏ భయమూ లేదు. యంత్రం ఉన్నన్నాళ్లు ఉంటుంది" అన్నాను.

ఆయన, "అయితే నెట్ తీసెయ్యి" అన్నారు. వైఫై మీట ఆపితే చాలన్నాను. "నేను మరిచిపోయి నొక్కుతాను. మొత్తం తీసెయ్" అన్నారు. ల్యాప్‌టాప్ తిరగేసి, మూత విప్పి, వైఫై ముక్క ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని నా బల్ల మీదే వదిలేసి, యంత్రాన్ని సంచీలో పెట్టుకుని నాతో పాటే ఇక్కడికి నడిచి వచ్చారు. ఇప్పుడు అది ఆయన ఒళ్లో ఉంది. మీరందరూ ఇవాళ దించుకుంటున్నది ఈ గదిలో దానికి ఒక్కదానికే అందదు.

ఇంతసేపు కూర్చుని విన్న మీకు, ఇన్నేళ్లూ నా కొట్టు దుమ్ములోకి వచ్చిపోయినవాళ్లకు, ఇంకా లేచి వెళ్లిపోని నా భార్యకు, అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవు.