మూడో ఫ్యాను

కన్నబాబు చిరిగిన వల కుడుతున్నాడు. టీవీకి తగిలించిన చిన్న కంప్యూటరు మూత విప్పి, బామ్మర్ది గణేష్ పాతది పీకి ప్రాసెసర్ మీద మూడో ఫ్యాను బిగించాడు.

“పెద్దదైతే చప్పుడే ఉండదు బావా. ఈ డబ్బాలో పట్టదని కింద రాగి దిమ్మున్న పొట్టిది తెచ్చాను.”

“మొన్నటిదాన్నీ ఇలాగే పొగిడావు. మా ఆశ పాటల పోటీ సీడీ ఎప్పుడేసినా గుయ్యిమంటంది. పిల్ల గొంతు సరిగ్గా ఇనబడ్డంలేదు.”

“దీంతో ఇనబడతాది సూడు.” గణేష్ మూత పెట్టేశాడు.

“ఏటి ఇనబడేది? అదే మోత. నీకు ఫ్యాను కొండం సేతకాదురా.”

గణేష్ చేతిలో ప్లగ్గు అలాగే ఉండిపోయింది.

“బావా, నాను ఇంకా కరెంటు ఇయ్యలేదు.”

కన్నబాబు వల మీద నుంచి తలెత్తాడు.

“మరి ఈ గుయ్యేటి?”

“బోటులో నీ సోటు ఇంజను పక్కనే కదా, పెళ్ళికి ముందు నుంచీ. సెవులు సూపిద్దాం బావా.”

“ముందు పాటెయ్యి.”

గణేష్ ప్లగ్గు పెట్టాడు. ఫ్యాను తిరుగుతున్నట్టే తెలియలేదు. ఆశ గొంతు సన్నగా, స్పష్టంగా ఇల్లంతా నిండింది. కన్నబాబు టీవీ దగ్గరికి జరిగి, కూతురి పెదాల వంకే చూస్తూ కూర్చున్నాడు. పాట సగంలో ఉండగానే లేచి, చెవి నలుపుకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.