గోడబావ బంతి

ఏంటే, మెడ పట్టేసిందా? ఎటువైపు, ఎడమా? వద్దు, తిప్పి చూపించకు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. పొద్దస్తమానం ఆ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కొంగలా మెడ సాచి కూర్చుంటే పట్టెయ్యక ఏం చేస్తుంది? మాత్ర సంగతి తర్వాత చూద్దాం. ఆ అలమార పై అరలో, దుప్పట్ల వెనక ఒక మేజోడు ఉంటుంది, అందులో బంతి ఉంటుంది, పట్రా. నవ్వకు. అవును, ఒంటి మేజోడే. దాని జత ఏమైందో మీ అమ్మమ్మకే తెలియాలి. వాసన చూడకే, ఉతికిందే! ఒకప్పుడు ఆ బంతి ఎర్రగా నిగనిగలాడేది, ఇప్పుడు నా మొహంలా తయారైంది.

ఇది మా బావ విద్య. మా అక్క మొగుడు. నువ్వు చూళ్లేదు, మీ అమ్మ పెళ్లి కూడా చూడకుండానే పోయాడు. అందరూ గోడబావ అనేవారు. గోదాము దగ్గర కాపలా ఉద్యోగం, ఎక్కడ గోడ కనిపిస్తే అక్కడ ఆనుకునేవాడు. మా అక్క అంటుండేది, "ఈయన వీధిలోకి వస్తుంటే గోడలన్నీ బెదిరిపోతాయిరా, ఇవాళ ఎవరి వంతో అని." నా సంగతి వేరు. బట్టల కుట్టుషాపులో కటింగ్ బల్ల నాది, మోచేతంత కత్తెర. గీసిన గీతనే మళ్లీ కొలిచేవాణ్ణి. తాళం వేసి, సందు చివరిదాకా వెళ్లి, వేశానో లేదో అని వెనక్కొచ్చేవాణ్ణి. ఇక మీ అమ్మని దూరంగా హాస్టల్లో వేశాక అడక్కు. ఇక్కడి బడి నాలుగో క్లాసుతో ఆగిపోయేది, ఏం చేస్తాం. వారం వారం ఉత్తరం. తడి జుట్టుతో పడుకోకు, సంచి ఒకే భుజానికి తగిలించుకోకు, కిటికీ పక్కన మంచం వెయ్యనివ్వకు. అది తిరుగు జవాబు రాసింది, "నాన్నా, ఈసారి ఊపిరి పీల్చుకోమని రాయడం మర్చిపోయావు" అని. ఇప్పుడు నిన్ను సతాయించే మీ అమ్మే!

ఏం చెబుతున్నాను... ఆ, భుజం. హాస్టల్‌కి వెళ్లిన రోజు బస్టాండుదాకా నా కుడి భుజమ్మీదే కూర్చుని వెళ్లింది. దిగుతూ ఒట్టేయించుకుంది, సెలవులకి వచ్చినప్పుడు మళ్లీ ఇలాగే ఇంటిదాకా మోసుకురావాలని. సరే అన్నాను. అన్న ముహూర్తం ఏమిటోగానీ, సెలవులు దగ్గర పడేసరికి ఆ భుజమే పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే ముందు ఒక చెయ్యి దూర్చి, చొక్కా చుట్టూ నేనే తిరిగేవాణ్ణి. డాక్టరు చూసి, "ఎముక బాగానే ఉందయ్యా, కండ బిగుసుకుంది. కాస్త వదులుగా ఉండడం నేర్చుకో" అన్నాడు. ఎవరితో చెబుతున్నాడు? పోనీ పట్టమని మీ అమ్మమ్మనడిగాను. ఆవిడకి బట్టలు పిండడం అలవాటుగానీ భుజం పట్టడం అలవాటా? నేను పెట్టిన కేకకి పక్కింటాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఇక లాభం లేదని నా తిప్పలు నేనే పడ్డాను. కుడి భుజాన్ని ఎడమచేత్తో నొక్కుకున్నాను. ఎడమ మణికట్టు పట్టేసింది. దాన్ని కుడిచేత్తో నొక్కుకున్నాను. కుడి బొటనవేలు పోయింది. అదీ గడియారం ఎదురుగా పెట్టుకుని, సెకండు తేడా రాకుండా! చివరికి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కంచంలో అన్నంవైపు దిక్కులేనివాడిలా చూస్తూ కూర్చున్నాను.

అప్పుడొచ్చాడు మా బావ. గుమ్మం పక్క గోడకి ఆనుకుని నా అవస్థంతా తీరిగ్గా చూశాడు. "ఏరా బావమరిదీ, నొప్పి నీకా, గడియారానికా? ఆ చేతులనెందుకురా చంపుతావు, గోడ ఊరికే నిలబడే ఉందిగా?" అన్నాడు. అని అరలో ఉన్న బంతి తీశాడు. మీ అమ్మ బంతి! నేను రోజూ తుడిచి అదే చోట పెడుతున్న బంతి. "బావా, అది పిల్లది, వచ్చి అడిగితే ఏం చెప్పను?" అని ఎగిరాను, భుజం కలుక్కుమంది. "వచ్చినప్పుడు అది బంతి అడగదురా పిచ్చోడా, భుజం అడుగుతుంది" అన్నాడు. నా కాలి మేజోడు లాగేసి అందులో బంతి పడేసి, దాని కొస నా చేతికిచ్చాడు. భుజమ్మీంచి వీపు వెనక్కి వేలాడేసి, వీపుకీ గోడకీ మధ్య బంతి పెట్టి ఆనుకోమన్నాడు. నేనసలే కొలత మనిషినా, సరిగ్గా మధ్యలో పెట్టాను, వెన్నుపూస మీద! ప్రాణం పోయింది. "ఎముక మీద కాదురా, పక్కన కండ మీద. మోకాళ్లు కొంచెం వంచి పైకీ కిందకీ జారు. నొప్పి దొరికిన చోట ఆగు. హాయిగా మూలగాలిగానీ పళ్లు కొరకకూడదు." ఆగాను. "ఊపిరొదలరా! ఉత్తరంలో రాయించుకుంటేగానీ వదలవా?" అన్నాడు. అప్పుడు వదిలాను. ఏమో మరి, లోపల ముడేదో మెల్లిగా జారినట్టయింది.

ఇక రోజూ అదే పని. ముందు వేడినీళ్ల గుడ్డ, తర్వాత గోడ. షాపులో మధ్యాహ్నం గోడకి ఆనుకుని ఎలుగుబంటిలా రుద్దుకుంటుంటే మా యజమాని, "ఇదిగో, వీడికీ గోడబావ గాలి సోకింది" అన్నాడు. వీపంతా సున్నం. మీ అమ్మమ్మ ప్రతి సాయంత్రం, "ఇవాళ ఎక్కడ పడ్డారు?" అనేది. కానీ చెయ్యి లేచింది తల్లీ. ముందు చెవిదాకా, తర్వాత తల పైదాకా. బియ్యం బస్తా భుజానికెత్తుకుని వాకిట్లో తిరిగి చూశాను కూడా, జాగ్రత్తకి.

మీ అమ్మ వచ్చే రోజు బావనీ వెంటబెట్టుకుని బస్టాండుకి వెళ్లాను. బస్సు దిగింది. ఎంత పొడుగైందో, గౌను మోకాళ్లు దాటి పైకెళ్లిపోయింది. నేను అందరి మధ్యా గొంతుక్కూర్చుని కుడి భుజం వంచాను, రామ్మా ఎక్కు అని. అది అటూ ఇటూ చూసి, చిన్నగా, "లే నాన్నా, మా స్నేహితురాళ్లు చూస్తున్నారు" అంది.

లేవలేకపోయాను. భుజం బాగానే ఉంది, దాని తప్పేం లేదు. బావ గోడకి ఆనుకుని అంతా చూశాడు. ఇంకొకడైతే ఏదో ఓదార్పు మాట చెప్పేవాడు. ఈయనొచ్చి, "ఇంత కష్టపడి బాగుచేశాం, ఊరికే పోనివ్వడమెందుకురా, నన్నెక్కించుకో" అని నిజంగానే నా భుజమ్మీద కాలెయ్యబోయాడు! మీ అమ్మ పకపకా నవ్వేసి, తన రేకుపెట్టె తెచ్చి నా కుడి భుజమ్మీద పెట్టింది. "ఇంటిదాకా దించకూడదు, ఒట్టేశావు" అంది. దించలేదు. వెనకాల బావ, చేతులూపుకుంటూ, దారిలో ఏ గోడనీ వదలకుండా...

ఊఁ.

ఏం లేదే. నువ్వు బంతి ఎక్కడ పెట్టావో చూడనీ. ఇంకొంచెం పక్కకి, ఎముక మీద కాదు. ఆ, అక్కడ ఆగు. ఊపిరొదులు. ఏదీ, కొంచెం జరుగు, నాక్కూడా కాస్త గోడ ఇవ్వు.