మెరకవీధి ఇల్లు, పల్లంలో మేడ

పోలేశ్వర్రావని ఓ బ్రోకరున్నాడు, టవున్లో. ఏం అమ్ముతాడయ్యా అంటే స్థలాలు. ఎక్కడి స్థలాలు? మురుక్కాలవ పక్కన పల్లం లేదూ, పిల్లలు గాలాలేసి జెల్లలు పట్టేవోళ్ళు, అదిగో, దాంట్లో మట్టి తోలించి, నాలుగు కొబ్బరి మొక్కలు పాతి, స్వర్ణవిహార్ అని బోర్డెట్టాడు. స్వర్ణమంట! కప్పలు నవ్విపోవూ? ఎవడూ కొనట్లేదంట. అప్పుడు ఏమైందంటే, ఈడి అత్తగారు అచ్చియ్యమ్మని, మొగుడు పోయినావిడ, మెరకవీధిలో పెంకుటింట్లో ఉండేది. మెరకవీధి అంటే ఊరికల్లా ఎత్తు, ఏ తుఫానొచ్చినా గుమ్మం తడవదు. ఈడెళ్ళి, "అత్తయ్యగారూ, ఈ పాతకొంప ఎవరో బెంగుళూరాయన అడుగుతున్నాడండీ, ఇచ్చేసి మన స్వర్ణవిహార్లో మేడ కట్టుకోండి" అన్నాడంట. "పల్లం కదా బాబూ, నీళ్ళొస్తే?" అంటే, "అయ్యన్నీ మీ కాలం వానలండీ" అన్నాడు. నిజమే మరి, ఆవిడ కాలం వానలు నెలంతా పడేవి, ఇప్పటివి ఒక్క పూటలో పడిపోతన్నాయి, ఆ ముక్క మాత్రం చెప్పలేదు. కూతురి మొగుడే కదా అని ఆవిడ అన్నిటికీ వేలిముద్రేసిచ్చింది. మేడ లేచింది. కొనేవోళ్ళొస్తే ఈడు, "మా అత్తగార్నే ఇక్కడ పెట్టానండీ, ప్రమాదమైతే పెడతానా?" అని ఆవిణ్ణి చూపించేవోడు. అత్తగారనుకున్నాడా, ఎగ్జిబిషనులో బొమ్మనుకున్నాడా?

శ్రావణంలో ఓ రోజు పొద్దున్నించీ వాన పట్టుకుందనుకో, మధ్యాన్నానికి కాలవ తన చోటు తను వెతుక్కుంటా వచ్చేసింది. కింద గదులు మునిగినాయి, బియ్యం డబ్బా తేల్తంది, అచ్చియ్యమ్మ మెట్లమీద కూచుని అల్లుడికి ఫోను మీద ఫోను, అల్లుడు ఎత్తడు. చివరికి కూతురు సత్యవేణి చేపలోళ్ళ పడవ మాట్లాడుకొచ్చి తల్లిని దింపుకుంది. మా అద్దింటికి రామ్మా అంటే, ఆ అల్లుడి గుమ్మం తొక్కనంది ఆవిడ. సరే, పాత ఇంట్లోనే ఓ గది అద్దెకడుగుదామని ఇద్దరూ మెరకవీధికెళ్ళారు. ముందు వాటాలో ఉన్నావిడ, "వెనకవాటా ఖాళీయేనమ్మా, కానీ ఈ వానకి అద్దె రెట్టింపు చేసేసారు" అందంట. ఎవరు, ఆ బెంగుళూరాయనా? అనడిగింది అచ్చియ్యమ్మ. "బెంగుళూరెవరమ్మా? ఇల్లు సత్యవేణిగారని ఆవిడ పేరుమీదుంది, ఆవిడ మొగుడు పోలేశ్వర్రావుగారే వచ్చి అద్దె పట్టుకెళ్తారు." సత్యవేణి అక్కడే ఉంది కదా, తడిసిన చీరతో! ఇన్‌కంటాక్సు కాయితాలని చెప్పి పెళ్ళాం చేత సంతకాలెట్టించుకున్నాడంట ఈడు. అచ్చియ్యమ్మ గుమ్మం చెక్క తడిమి చూసుకుందంట, అంతే. అది చూసి సత్యవేణి తల్లి చెయ్యి పట్టుకుంది. "పద లోపలికి, ఇది నా ఇల్లు" అంది. సాయంత్రం ఈడొస్తే గుమ్మంలోనే నిలబెట్టి, "మీకు స్వర్ణవిహార్ ఉందిగా, అక్కడుండండి. నా ఇంట్లో నేనూ మా అమ్మా ఉంటాం" అంది. "నీ పేరు ఊరికే రాయించానే, ఇల్లు నాది!" అని ఈడు. "ఆ మాట రిజిస్ట్రారాఫీసుకెళ్ళి చెప్పుకోండి" అని తలుపేసుకుంది.

ఒక్కడికి అద్దిల్లెందుకని ఇప్పుడా మేడలో ఆడే ఉంటన్నాడు. బుద్ధొచ్చిందంటారా? ఏడాది పొడుగునా నీటి సౌకర్యం కలదు అని కొత్తగా కాయితాలు అచ్చేయించి పంచుతున్నాడు. ఆడికి సిగ్గు లేదు, సరే, కొనేవోళ్ళకుండొద్దూ? ఏరా సూరిబాబూ, అంతలా నవ్వుతున్నావ్, మొన్న నువ్వూ మీ బావమరిదీ ఎళ్ళి అడ్వాన్సిచ్చొచ్చారంటగా. ఈతొచ్చా మీకు?