పేరు వెనక రెండు ఖాళీలు

అలా గుర్రుగా చూడకు వదినా! రాత్రంతా వార్డులో తిరిగొచ్చావు, ముందు కూర్చో. తర్వాత తిడుదువుగాని.

మీ ఆసుపత్రిలో డ్యూటీ చార్టు వేసే ప్రోగ్రాము ఉంది చూడు, అది ఏ కంపెనీదీ కాదు. ఊరికే ఇస్తారు. నాలాంటి వాళ్ళెవరైనా అందులో చెయ్యి పెట్టి బాగుచెయ్యొచ్చు. పెట్టాను. నా ఖర్మ!

లోపల ఒక లైను. పేరు టైపు చేశాక వెనక రెండు ఖాళీలు, అదే స్పేసులు, కొట్టి ఉంటే ఆ మనిషికి నైట్ వెయ్యొద్దట! ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఒక్క ముక్క లేదు. చెత్త అనుకోనా మరి? పీకేశాను. ఆ ప్రోగ్రాము మంచిచెడ్డలు చూసే పెద్దాయన భేష్ అన్నాడు. కాలేజీ గడప తొక్కకుండా వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని, ఎలా ఉంటుంది చెప్పు? ఇల్లంతా గెంతాను.

ఆ ఖాళీలు నీ పేరు వెనకే ఉన్నాయని నాకేం తెలుసు!

ఏంటీ? రిటైరయ్యే రోజు మీ పెద్ద సిస్టరు ఈ ఖాళీల కిటుకు నీ చెవిలో చెప్పిపోయిందా? మరి నా చెవిలో ఒక మాట వెయ్యొచ్చుగా! ఆడపడుచుననేగా దాచావు?

సరేలే. బుజ్జిది నువ్వు పక్కన లేకపోతే నిద్రపోదని నాకు మాత్రం తెలీదా? మొన్న నా మెడ వాసన చూసి, "నువ్వు అమ్మవి కావు" అని ఒకటే ఏడుపు. ఆ లైను మళ్ళీ పెట్టించాల్సిందే అని అప్పుడే ఒట్టేసుకున్నా.

పెద్దాయన్ని అడిగాను. "పెడదాం. కానీ ఈసారి అదేంటో, ఎవరికి పనికొస్తోందో రాసిపెట్టు" అన్నాడు. న్యాయమేగా? రాశాను. చదివితే కళ్ళు చెమరుస్తాయి వదినా!

ఎక్కడా? అదీ... ప్రోగ్రాము తెరవగానే అందరూ చదివే చోటే.

మీ వార్డు సిస్టర్లంతా చదివారు. ఎవరి పేరు వాళ్ళు దిద్దుకోవచ్చుగా, అందరూ రెండేసి ఖాళీలు కొట్టేసుకున్నారు. నైట్‌కి మనిషే లేదందట ప్రోగ్రాము! మేట్రన్ గారు దాన్ని పక్కన పడేసి, చార్టు చేత్తో రాశారు. నువ్వు మొహం కడుక్కుంటుంటే నీ ఫోన్‌కొచ్చింది, చూశాను.

ఇంకోటి. ఉదాహరణ కావాలిగా... నీ పేరు రాశాను. ఇంటిపేరుతో సహా.

మేట్రన్ గారూ చదివారు.

ఈ నెలంతా నైట్లు నీకే వదినా.

పెద్దాయన మాత్రం, ఇంత వివరంగా రాసినవాళ్ళు ఇంతవరకూ లేరన్నాడు.